మంజేరి, కాలికట్, తిరూరు... అండమాన్‌లో

పొద్దున్నే పోర్ట్ బ్లెయిర్ (ఇప్పటి శ్రీ విజయపురం) నుంచి వండూరుకు పరుగెత్తే టూరిస్టు బండ్లకు జాలీబాయ్ దీవి పడవ అందుకోవాలన్న ధ్యాస తప్ప ఇంకోటి ఉండదు. జిర్కటాంగ్ వైపు వెళ్లేవాళ్లకు కాన్వాయ్ తొందర. వెనక సీట్లో మనవాళ్లు నిద్రలో ఉంటారు. ఈ రెండు దారుల చుట్టుపక్కలే మంజేరి, మలప్పురం, మన్నార్‌ఘాట్, తిరూరు అనే ఊళ్లున్నాయి. చిడియాటాపు వైపు తిరిగితే కాలికట్ కూడా తగులుతుంది. కేరళ మ్యాపులోని పేర్లు బంగాళాఖాతం మధ్యకు ఎలా వచ్చాయని అడిగిన ప్రయాణికులు నాకు పెద్దగా తగల్లేదు. అందుకే, బండి నడపడం వచ్చి ఒక రోజు తీరిక ఉన్న చుట్టాలెవరొచ్చినా, బీచులు రేపు చూడొచ్చు, ముందు ఈ ఊళ్లు తిరిగి రండని పంపిస్తాను.

1921 ఆగస్టులో మలబారులోని ఏరనాడు, వళ్లువనాడు తాలూకాల్లో మాపిళ్ల ముస్లింలు బ్రిటిష్ ప్రభుత్వం మీద, భూస్వాముల మీద తిరగబడ్డారు. మనం బళ్లో చదువుకున్న మోప్లా తిరుగుబాటు అదే. హిందూ కుటుంబాల మీద జరిగిన దాడులూ ఆ చరిత్రలో భాగమే, దాచాల్సిన పనిలేదు. మార్షల్ లా వచ్చింది, జైళ్లు నిండిపోయాయి. నిజానికి అప్పటికే జైళ్ల కమిటీ అండమాన్‌కు ఖైదీలను పంపడం మానుకోమని సిఫారసు చేసింది, ప్రభుత్వమూ సరేనంది. కానీ మద్రాసు ప్రెసిడెన్సీలో చోటు చాలక మాపిళ్ల ఖైదీలను ఓడ ఎక్కించారు. తర్వాత వాళ్ల భార్యాబిడ్డలను కూడా రప్పించి, అడవి కొట్టించి, సాగుకు భూమి చూపించారు. అలా వెలిసిన ఊళ్లకు పుట్టినూళ్ల పేర్లు వచ్చాయి.

అరబ్బు వర్తకులతో సముద్ర వ్యాపారం వల్ల, వియ్యం వల్ల మలబారు తీరంలో పెరిగిన సమాజం మాపిళ్లలది. పోర్చుగీసులు అక్కడ దిగినప్పుడు తమ దేశపు ముస్లింలను పిలిచినట్టే వీళ్లనూ మూర్లు అన్నారు. ఆ పేరున్న అసలు మూర్ల ఊళ్లు దక్షిణ స్పెయిన్‌లో ఇప్పటికీ ఉన్నాయి. మలాగా దగ్గరి కొండల్లో ఆర్చెస్, సలారెస్ లాంటి తెల్లటి పల్లెల మీదుగా కార్లలో తిరిగే దారి ఒకటి ఉంది. ఒకప్పటి మసీదు మీనార్లే అక్కడ చర్చి గంటల గోపురాలయ్యాయి. 1492లో గ్రనడా పతనమైంది. 1568లో కొండజనం తిరగబడ్డారు, ఓడి చెల్లాచెదురయ్యారు. 1609 నుంచి వాళ్ల సంతతిని దేశం నుంచే వెళ్లగొట్టారు. అక్కడ గోడలు నిలిచాయి, మనుషులు పోయారు. మన దగ్గర గోడలేవీ రాలేదు, మనుషులే వచ్చారు. నాకు ఈ అండమాన్ దారి మీద మక్కువ ఎక్కువ కావడానికి కారణం అదే. ఇక్కడ చూడాల్సింది కట్టడాన్ని కాదు, బండి ఆపి మనిషితో మాట్లాడాలి.

నేను బయల్దేరేది చాతమ్ నుంచి. కారును ఫెర్రీ మీద ఎక్కిస్తే అవతల బాంబూఫ్లాట్‌లో దిగుతాం. ఒడ్డు వెంట కాస్త పోతే హోప్ టౌన్. 1872 ఫిబ్రవరి 8న వైస్రాయ్ మేయోను షేర్ అలీ అఫ్రీది పొడిచి చంపింది అక్కడే. పైన మౌంట్ హ్యారియెట్. 1891 ఆంగ్లో-మణిపూర్ యుద్ధం తర్వాత ఇక్కడికి పంపిన మణిపురి వీరుల పేరిట 2021లో దాన్ని మౌంట్ మణిపూర్ చేశారు. కొండ దిగి స్టూవర్ట్‌గంజ్, వింబర్లీగంజ్ వైపు తిరిగితే మాపిళ్ల ఇళ్లు మొదలవుతాయి. కొండల నడుమ సన్నటి పల్లంలో వరి, వాలు మీద వక్క, కొబ్బరి, వాటి మధ్య రేకు కప్పుల ఇళ్లు, ఆకుపచ్చ రంగు వేసిన చిన్న మసీదు.

నాకు బాగా పరిచయమైన ఇక్కడి మంజేరి పెద్దాయన ఒకరున్నారు. కాకా అంటాను. ఇంట్లో మలయాళం, బయట అండమాన్ హిందీ. వెళ్లినప్పుడల్లా వాళ్లావిడ బియ్యప్పిండి పత్తిరి కాల్చి, కొబ్బరిపాలు చిలకరించి, కోడికూరతో పెడుతుంది. ఓసారి కాకా కేరళలోని మంజేరికి వెళ్లారట. లాడ్జిలో ఆధార్ కార్డు చూపిస్తే గుమాస్తా, "సొంతూరు మంజేరే అయితే గది ఎందుకండీ?" అన్నాడట. "మా తాత ఊరు ఇది. నా ఊరు అది" అని చెప్పి, కాకా ఆ సాయంత్రమంతా తాత చెప్పిన చెరువు కోసం వెతికారట. కనబడిందా అని అడిగాను. "మూడు చెరువులు చూశాను భాయ్, మూడింట్లోనూ కాళ్లు కడుక్కున్నాను" అన్నారు.

వింబర్లీగంజ్ నుంచి ఫెరార్‌గంజ్ మీదుగా, హెర్బర్టాబాద్ దాటి తిరూరుకు వెళ్లాలి. మలబారు తిరూరు రైల్వే స్టేషన్‌లోనే 1921 నవంబరులో వంద మంది దాకా ఖైదీలను గాలాడని సరుకుల పెట్టెలో కుక్కి పంపారు. అరవై మందికి పైగా ఊపిరాడక చచ్చిపోయారు. అండమాన్ తిరూరు బోర్డు చూసినప్పుడల్లా నాకు ఆ పెట్టే గుర్తొస్తుంది. ఊరి అవతల అడవి జారవా ఆదివాసులది. మనిషిని ఊరి నుంచి ఊడబెరికి తెచ్చిన ప్రభుత్వం, అతని చేతికి గొడ్డలిచ్చి ఇంకొకరి అడవి కొట్టించింది. ఆ నష్టం ఇంకా తీరలేదు. కారు అక్కడ వెనక్కి తిప్పేయండి, అడవి వైపు కెమెరా ఎత్తకండి.

తెలుగువాడిగా నాకు ఇంకో దిగులుంది. మాపిళ్లలను తెచ్చిన రోజుల్లోనే, అదే మద్రాసు ప్రెసిడెన్సీలో, 1922-24 మధ్య అల్లూరి సీతారామరాజు వెంట మన్యం లేచింది. ఆ ఖైదీల్లోనూ కొందరు ఈ దీవులకే వచ్చారు. ఉరిశిక్ష తప్పి ఇక్కడ ద్వీపాంతరవాసం గడిపిన గాం మల్లుదొర తిరిగి వెళ్లి, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. మాపిళ్లల వెంట కుటుంబాలు వచ్చాయి, ఊళ్లు వెలిశాయి. రంప అని, చింతపల్లి అని, కృష్ణదేవిపేట అని బోర్డు మాత్రం ఏ మలుపులోనూ నాకు ఎదురుకాలేదు. 2011 జనాభా లెక్కల్లో ఈ దీవుల్లో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. జంగ్లీఘాట్‌లోనో, ఇంకెక్కడో, మీ ఇంట్లో మన్యం నుంచి వచ్చిన ఖైదీ కబురు ఏదైనా ఉంటే, ఒక పేరైనా సరే, ఒక ఉత్తరం ముక్కైనా సరే, ఈ కాలమ్‌కు రాయండి. వచ్చి మీ దగ్గర కూర్చుని రాసుకుంటాను.