స్పీకర్‌ను మళ్లీ పలికించే చేయి

పానగల్ ఛాయా సోమేశ్వరాలయంలో శివరాత్రికి మైకులు మోగాలంటే, కాలిన స్పీకర్‌ను బాగుచేసే మెకానిక్ ఉండాలి. నా దృష్టిలో ఆ బాగుచేత ధ్వనిశాస్త్రం తెలిసినవాడి పని. పాత కోన్ కోసి తీసి, అయస్కాంతం సందులోని ఇనుపరజను టేపుకు అంటించి లాగుతాడు. వాయిస్ కాయిల్‌కూ నడిమి ఇనుప దిమ్మెకూ మధ్య సన్నని కాగితపు ముక్కలు దూర్చి, జిగురు ఆరాకే తీస్తాడు. కాయిల్ వెంట్రుకవాసి పక్కకు జరిగినా రాసుకుని గరగరమంటుంది.

కొత్తగా అతికించిన కోన్‌కు మెకానిక్ పూత పూస్తే కంపెనీ కొలత చెడుతుందని కొందరంటారు. బరువు పెరిగితే శబ్దం కాస్త తగ్గే మాట నిజమే. కానీ అదే బరువు అనునాదాన్ని కిందికి దించి బాస్‌ను లోతుగా పలికిస్తుంది. ఎంత పూయాలో పనివాడి చెవి చెబుతుంది. కొత్తది కొనుక్కోవచ్చు కదా అంటారా? ఎక్కువగా చెడేవి కోన్ కాగితం, కాయిల్ రాగితీగే; అయస్కాంతం, చట్రం దశాబ్దాలు నిలుస్తాయి. చెడిన కాగితం, తీగల కోసం ఇనుమంతా పాతసామాన్లకు వేయడం దేనికి?