శాపం తగిలిన ఊరు, తగలని ఊరు

ఫిజీ రాజధాని సువాలోని మ్యూజియంలో ఒక బూటు అట్ట ఉంది. అది థామస్ బేకర్ అనే ఇంగ్లిషు మిషనరీది. 1867 జులై 21న వీతీ లేవు దీవి నడుమ ఉన్న కొండల్లో, నంబుతౌతౌ అనే ఊళ్లో, ఆయన్నీ వెంట ఉన్న ఏడుగురు ఫిజీ క్రైస్తవుల్నీ చంపి, వండుకుని తిన్నారు. బూట్లు మాత్రం ఎంతసేపు ఉడికించినా ఉడకలేదట.

అమెరికాలో డెన్వర్‌లో ఇలిఫ్ అనే వేదాంత కళాశాల ఉంది. 1893లో దానికి ఒక పుస్తకం కానుకగా వచ్చింది. అది క్రైస్తవ మత చరిత్ర. దాని అట్ట ఒక ఆదివాసి చర్మంతో చేసింది. ఆ చర్మాన్ని ఊడదీసి ఆదివాసులకు అప్పగించింది 1974లో. అందాకా కాలేజీ దాన్ని దాచుకుంది, నలుగురికీ చూపించుకుంది కూడా.

బేకర్ మెథడిస్టు. ఇలిఫ్ మెథడిస్టుల కాలేజీ. ఒకే సంఘం చరిత్రలో ఒకచోట పాస్టర్ చచ్చాడు, మరోచోట, ఇలిఫ్ ఉన్న కొలరాడోలో, పాస్టరుగా పనిచేసినవాడే చంపించాడు. రెండు చోట్లా వందేళ్లు దాటాక క్షమాపణలు జరిగాయి. రక్తం తాగిన నేల శాపగ్రస్తమవుతుందనీ, వారసులు పూర్వీకుల పాపం ఒప్పుకుంటే అది స్వస్థపడుతుందనీ క్రైస్తవంలో ఒక నమ్మకం ఉంది. దాని బలం ఎక్కడో, డొల్లతనం ఎక్కడో తేలాలంటే ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడాలి.

నమ్మకం పాతదే అయినా ఇప్పుడు వినపడే రూపం 1990ల నాటిది. జాన్ డాసన్ 1994లో అమెరికా గాయాల స్వస్థత గురించి పుస్తకం రాశాడు. జార్జ్ ఓటిస్ 1999లో తీసిన వీడియో, ప్రార్థనతో ఊళ్లకు ఊళ్లు మారిపోయాయని, పంటలు కూడా పెరిగాయని చూపించింది. ఇక నా ప్రజలు తగ్గించుకుని ప్రార్థిస్తే వాళ్ల దేశాన్ని స్వస్థపరుస్తానని దేవుడు చెప్పే రెండవ దినవృత్తాంతములు ఏడో అధ్యాయం పద్నాలుగో వచనం సంగతి చెప్పక్కర్లేదు. దేశం కోసం ఉపవాస ప్రార్థన పెట్టిన తెలుగు సంఘం ఏదైనా సరే, అక్కడ ఆ వచనం వినపడాల్సిందే.

బైబిల్లో ఈ విషయం మీద రెండు దారులున్నాయి. ఒకటి రెండవ సమూయేలు 21. మూడేళ్లు కరువు వస్తుంది. కారణం అడిగితే, ముందటి రాజు సౌలు గిబియోనీయులను చంపిన పాపమని రాజైన దావీదుకు జవాబు వస్తుంది. ఇక్కడ కష్టం ముందు, దాన్నిబట్టి పాత రక్తం బయటపడటం తర్వాత. రెండోది ద్వితీయోపదేశకాండము 21. పొలంలో శవం దొరికింది, చంపిందెవరో తెలియదు. పెద్దలు వచ్చి శవం నుంచి చుట్టుపక్కల ఊళ్లకు దూరం కొలుస్తారు. దగ్గరున్న ఊరి పెద్దలు పెయ్య మెడ విరిచి, దాని మీద చేతులు కడుక్కుని, ఈ రక్తంలో మాకు పాలు లేదని చెప్పాలి. ఇక్కడ కరువు ఊసే లేదు. పంట బాగా పండుతున్నా సరే, శవం ఉంది కాబట్టి ఊరు జవాబు చెప్పాలి. నేలను స్వస్థపరుస్తామనేవాళ్లు ఎక్కువగా పట్టుకున్నది మొదటి దారినే. చిక్కంతా అక్కడే మొదలైంది.

నంబుతౌతౌ వాళ్లు పట్టుకున్నదీ అదే. తమకు రోడ్డు లేదు, బడి లేదు, ఆసుపత్రి లేదు. ఎందుకు లేవంటే, తాతలు దైవజనుణ్ణి చంపారు కాబట్టి. 1993లో ఆ బూట్లను మెథడిస్టు చర్చికి అప్పగించారు. మనసు కుదుటపడలేదు. 2003 నవంబరులో ఆస్ట్రేలియా నుంచి బేకర్ వారసులను పిలిపించి, ఫిజీ ఆచారం ప్రకారం తప్పు ఒప్పుకున్నారు. తంబువా అనే తిమింగలం పళ్లు, చేత్తో అల్లిన చాపలు, ఆవులు ముందు పెట్టారు. తంబువా ఇవ్వడమంటే మాటలు కాదు. ఫిజీలో పెళ్లికీ చావుకీ సంధికీ అదే సాక్ష్యం. అవతలివాళ్లు అందుకుంటేనే తగువు తీరినట్టు. ఈ వేడుకను మూఢనమ్మకమని తీసిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. తప్పు చేసిన ఇంటివాళ్లు నష్టపోయిన ఇంటివాళ్ల ముందు తల వంచి, తమకు విలువైనదాన్ని చేతులారా ఇచ్చారు. ఎన్ని ప్రభుత్వాలు ఆ పని చేశాయి?

అయినా ఈ లెక్కలో చాలా జారిపోయాయి. బేకర్‌ను ఎందుకు చంపారంటే, ఊరిపెద్ద తలలోని దువ్వెనను ఆయన లాక్కున్నాడని, పెద్దల తల ముట్టడం అక్కడ మహాపరాధమని కథ చెబుతారు. చరిత్రకారులు చెప్పేది వేరు. తీరంలోని బౌ ప్రభువు థకొంబౌ అప్పటికే క్రైస్తవుడై కొండల మీదికి అధికారం చాస్తున్నాడు. కొండవాళ్ల కళ్లకు మిషనరీ ఆ అధికారానికి ముందు నడిచే మనిషి. బేకర్ చావుకు తొమ్మిదేళ్ల తర్వాత, 1876లో, బ్రిటిష్ గవర్నరు ఆర్థర్ గోర్డన్ ఇవే కొండల మీదికి దళాలను పంపి ఊళ్లు కాల్పించాడు, నాయకులను చంపించాడు. ఆ రక్తమూ ఈ నేల మీద పడిందే. 2003 క్షమాపణ మాత్రం బేకర్ హత్య ఒక్కదానికే. ఇంకో సంగతి. ఆ వేడుకకు ముఖ్య అతిథి ప్రధానమంత్రి లైసేనియా గరాసే. రోడ్డు వేయించాల్సిన మనిషే వచ్చి, రోడ్డు లేకపోవడానికి కారణమైన శాపం విరగడవడం చూసి వెళ్లాడన్నమాట.

ఇప్పుడు కొలరాడో. 1864 నవంబరు 29 తెల్లవారుజామున, ఒకప్పుడు మెథడిస్టు పాస్టర్‌గా పనిచేసిన కల్నల్ జాన్ చివింగ్టన్ దాదాపు 675 మంది సైనికులతో శాండ్ క్రీక్ ఒడ్డున విడిది చేసిన షయాన్, అరాపహో ఆదివాసుల మీద పడ్డాడు. నాయకుడు బ్లాక్ కెటిల్ తన గుడారం మీద అమెరికా జెండా, దాని కింద తెల్లజెండా ఎగరేశాడు. అయినా సుమారు 230 మంది చచ్చారు. అందులో ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు. కెప్టెన్ సైలస్ సోల్ తన దళాన్ని కాల్చనివ్వలేదు, తర్వాత విచారణలో సాక్ష్యం చెప్పాడు. 1865 ఏప్రిల్లో డెన్వర్ వీధిలో అతణ్ణి కాల్చి చంపారు. చివింగ్టన్‌కు ఏ శిక్షా పడలేదు. అప్పటి గవర్నరు జాన్ ఎవాన్స్ కూడా మెథడిస్టే, డెన్వర్ విశ్వవిద్యాలయ స్థాపకుడు. పదవి పోయింది గానీ పరువు పోలేదు. ఒక పర్వతానికి ఆయన పేరే పెట్టారు, 2023లో గానీ మార్చలేదు.

ఆ నేల మీద ఎవరూ శాపం చూడలేదు. రైళ్లొచ్చాయి, గోధుమ పండింది, డెన్వర్ పెరిగింది. 1930లలో ఆగ్నేయ కొలరాడోను దుమ్ము తుపానులు ముంచెత్తినప్పుడు కూడా, గడ్డినేలను విచ్చలవిడిగా దున్నడం వల్లనీ వానలు లేకపోవడం వల్లనీ అన్నారు. సరైన మాటే. 1935లో ప్రభుత్వం నేల కోతను ఆపడానికి ప్రత్యేక శాఖ పెట్టింది. నంబుతౌతౌకు రోడ్డు రాకపోతే నూటముప్పై ఏళ్ల నాటి హత్య కారణం, కొలరాడో పొలం ఎగిరిపోతే నాగలి కారణం. నేను పట్టుబట్టేది ఈ తేడా మీదే. పేదవాడి కష్టానికి శాపం వెతుకుతారు, కలిగినవాడి కష్టానికి ఇంజనీరును పిలుస్తారు.

మెథడిస్టు చర్చి 1996లో డెన్వర్‌లోనే జరిగిన మహాసభలో శాండ్ క్రీక్‌కు క్షమాపణ చెప్పింది. 2014లో ఆ ప్రాంతపు మెథడిస్టులు వందల మంది బస్సుల్లో అక్కడికి వెళ్లి నిలబడ్డారు. ఇందులో శాపం భయం లేదు, పంట ఆశ లేదు. నంబుతౌతౌతో పోలిస్తే చప్పగానే ఉంటుంది, తీర్మానాలు, కమిటీలు, నివేదికలు. కానీ ద్వితీయోపదేశకాండపు దారికి దగ్గరిది ఇదే. ఎండిందా పండిందా అని చూడకుండా, శవం ఎవరి ఊరికి దగ్గరో కొలిచారు. ఆ కొలత తమ గడప దగ్గరే ఆగింది.

దావీదు కథను కూడా ఇలాగే సగం చదివి వదిలేస్తుంటారు. నష్టపోయిన గిబియోనీయులనే పిలిచి మీకేం కావాలని అడిగాడు రాజు. వాళ్లు వెండి బంగారాలు వద్దని సౌలు వంశంలో ఏడుగురిని అడిగారు. అది ఘోరమే, అందులో సందేహం లేదు. ఉరితీసిన తన ఇద్దరు కొడుకులనూ మిగతా ఐదుగురినీ పక్షులూ మృగాలూ ముట్టకుండా సౌలు ఉపపత్ని రిస్పా కోతల కాలం మొదలుకొని వానలు పడేదాకా రాతి మీద గోనెపట్ట పరుచుకుని కాపలా కాసింది. ఆ సంగతి విన్నాకే రాజు ఎముకలన్నీ ఏరించి సమాధి చేయించాడు. దేశం కోసం చేసిన మొరను దేవుడు విన్నాడన్న మాట ఆ కథలో సమాధి తర్వాతే వస్తుంది. శాండ్ క్రీక్‌లోనూ చచ్చినవాళ్ల ఎముకలు వాషింగ్టన్ మ్యూజియానికి చేరాయి. అలా చెదిరిపోయిన అవశేషాల్లో కొన్నిటిని తెచ్చి అక్కడి నేలలోనే పూడ్చింది 2008లో.

నష్టపోయినవాళ్లను అడగడమన్న పనిలో ఫిజీ కూడా వెనకబడింది. 2000 నాటి తిరుగుబాటు తర్వాత అక్కడ నేల స్వస్థత ప్రార్థనలు ఊపందుకున్నాయి. ఆ కుట్రలో ప్రధానమంత్రి పదవి పోయింది మహేంద్ర చౌదరికి, దెబ్బలు తిన్నది భారత సంతతివాళ్లు. 1903 నుంచి మద్రాసు రేవులో ఓడలెక్కిన మన తెలుగు కూలీల మనవలూ మునిమనవలూ వాళ్లలో ఉన్నారు. చెరకు భూముల కౌళ్లు 1997 నుంచి తీరిపోతూ వస్తే ఎందరో ఊళ్లు వదిలారు. వాళ్లకు క్షమాపణ అందింది 2023 మే 14న, ఆ కూలీల వలసను తలుచుకునే గిర్మిట్ దినం నాడు. 1987లో తొలి కుట్రలు నడిపిన సితివేని రంబూకా, అప్పుడు ప్రధానమంత్రి హోదాలో, సువాలో నిలబడి తప్పు ఒప్పుకున్నాడు. మెథడిస్టు చర్చి పెద్దా ఒప్పుకున్నాడు. కౌలు సంగతి అలాగే ఉంది.

శాండ్ క్రీక్ వారసులు తమకేం కావాలో ఎప్పుడో చెప్పారు. 1865 అక్టోబరు నాటి లిటిల్ ఆర్కన్సా ఒప్పందం ఆరో అధికరణంలో, ఆ మారణకాండను తప్పని ఒప్పుకుని, బతికినవాళ్లకూ చచ్చినవాళ్ల కుటుంబాలకూ పరిహారం ఇస్తామని అమెరికా ప్రభుత్వం రాసిచ్చింది. అది అందలేదు. 2013లో వారసులు లెక్క చెప్పమని దావా వేశారు. 2015లో అప్పీలు కోర్టు, ప్రభుత్వం తనంతట తాను ఒప్పుకోనిదే దాని మీద దావా నడవదంటూ కొట్టేసింది.