పీడకలలకు రక్తపోటు మందు: డాక్టర్ రాస్కిండ్ పరిశోధనలు

ప్రజోసిన్ అను మందు 1970 తరువాతి దశకములో అధిక రక్తపోటుకై వాడుకలోకి వచ్చినది. అమెరికాలో సియాటిల్ నగరమందు మాజీ సైనికుల వైద్యశాలలో మనోవైద్యుడుగా పనిచేసిన డాక్టర్ ముర్రే రాస్కిండ్ దీనిని వియత్నాం యుద్ధములో పోరాడిన వారి పీడకలలకు వాడి చూచినారు. యుద్ధము ముగిసి ఇరువది యేండ్లు దాటినను వారిలో కొందరు అదే పేలుడును, అదే చావును కలలో మరల మరల చూచి ఉలిక్కిపడి లేచెడివారు. ఆఘాతము వెనుక వచ్చు ఈ మనోవ్యాధికి అమెరికా మనోవైద్య సంఘము 1980లో తన వర్గీకరణమందు స్థానమిచ్చినది.

రక్తపోటుకును కలకును సంబంధమేమి? భయము కలిగినప్పుడు గుండె దడదడలాడుటకు, రక్తనాళములు బిగియుటకు తోడ్పడు పదార్థములలో నారెడ్రినలిన్ ఒకటి. మెదడులో దీనిని విస్తారముగా పంపునది మెదడు కాండమందలి 'నీలి స్థానము' అను చిన్న కణసముదాయము. కనుగ్రుడ్లు వేగముగా కదలు నిద్రాదశలో, అనగా మనము విశేషముగా కలలు కను దశలో, ఈ కణములు సాధారణముగా దాదాపు మౌనము వహించును. ఈ రోగులలో నారెడ్రినలిన్ ఉద్ధృతి రాత్రియు తగ్గక నిద్రను చెదరగొట్టుచున్నదని రాస్కిండ్ ఊహ. ప్రజోసిన్ ఆ పదార్థము పనిచేయు ఆల్ఫా-1 గ్రాహకములను మూసివేయును; తాళపు రంధ్రములో పుల్ల దూర్చినట్లన్నమాట. పైగా అది రక్తమునుండి మెదడులోనికి ప్రవేశింపగలదు.

ఈ మందు మన దేశమున వేరొక కీర్తి గడించినది. ఎఱ్ఱతేలు కుట్టినప్పుడు శరీరములో ఇట్టి పదార్థములే వెల్లువై గుండెను దెబ్బతీయును. మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ 1980 తరువాతి దశకములో ప్రజోసిన్‌తో అట్టివారి ప్రాణములు కాపాడినారు. తాళమదే, పుల్లయు అదే.

ఊహ ఇంపైనదే. రుజువు మాటేమి? 2000లో రాస్కిండ్ బృందము నలుగురు రోగుల వృత్తాంతము ప్రకటించినది. 2003లో పదిమందికి కొంతకాలము మందును, కొంతకాలము మందులేని మాత్రను ఇచ్చి పోల్చినారు. మందు పుచ్చుకొన్న కాలములో పీడకలలు తగ్గినవి. 2007లో 40 మంది, 2013లో ఇరాక్, ఆఫ్ఘనిస్తాన్‌ల నుండి తిరిగివచ్చిన 67 మంది సైనికులు. అన్నిట ఫలితము అనుకూలమే. కాని అన్నియు చిన్న పరీక్షలు, ఒకే బృందమువి. తరగతిలో పదిమంది మార్కులు చూచి జిల్లా ఫలితము చెప్పు ఉపాధ్యాయుని మనము నమ్ముదుమా?

పెద్ద పరీక్ష 2018లో వెలువడినది. 13 వైద్యశాలలు, 304 మంది మాజీ సైనికులు, 26 వారములు. పది వారములకు చూచినను, చివర చూచినను పీడకలల విషయములో మందుకును ఉత్త మాత్రకును చెప్పదగిన భేదము కనబడలేదు. ఈ ఫలితమును ప్రకటించిన పత్రమునకు ప్రథమ రచయిత రాస్కిండే. తన ఇరువది యేండ్ల ఊహకు ఎదురుతిరిగిన లెక్కను ఆయన దాచలేదు. నా దృష్టిలో ఆయన పత్రములన్నిటిలో విద్యార్థి మొదట చదువదగినది ఇదియే.

ఆయన చెప్పిన సమాధానమును మాత్రము అంత తేలికగా అంగీకరింపలేను. పరీక్షలో చేరినవారు చాలవరకు నిలకడగా నున్న రోగులనియు, తీవ్రముగా బాధపడువారు చేరియుండకపోవచ్చుననియు అందు సూచించినారు. ఇది సంభవమే. పీడకలలతో రాత్రులు గడపలేనివానికి ఉత్త మాత్ర దొరకవచ్చునని తెలిసియు పరీక్షకు పంపుటకు ఏ వైద్యుడు ఇష్టపడును? అయినను ఇది ఓడిన తరువాత దొరికిన కారణము. 2013 నాటి సైనికులలో మొదట రక్తపోటు ఎక్కువగా నున్నవారికే మందు ఎక్కువ మేలుచేసినదని 2016లో చూపినారు. అదియు పూర్తియైన లెక్కలలో వెదకి తీసినదే. రక్తపోటును బట్టి రోగులను ముందే విభజించి పరీక్షించినగాని ఈ మాట నిలువదు.

రోగి అంతవరకు ఆగలేడు. అమెరికా సైనికవైద్య మార్గదర్శకములు 2017లో ఈ మందు విషయమై ఎటూ తేల్చలేదు. 2023లో పీడకలలకు మాత్రము, బలహీనమైన సిఫారసుతో, వాడవచ్చుననినవి. మొదటి మోతాదుకే కొందరు లేచి నిలువగనే కండ్లు తిరిగి పడిపోవుదురు. అందుచేత వైద్యులు పడుకొనుబోవు వేళ ఒక్క మిల్లీగ్రాముతో ఆరంభించి మెల్లమెల్లగా పెంచుదురు.