పదకొండు దారుల మెథడ్

తెలుగు నేల మీద సాఫ్ట్‌వేర్ శిక్షణకు మారుపేరైన అమీర్‌పేటకు ఆ పేరు స్థిరపడుతున్న 1990ల రెండో సగంలో, మైత్రీవనం చుట్టుపక్కల తరగతి గదుల్లో బాగా వినిపించిన భాషల్లో కోబాల్ ఒకటి. 1959లో రూపకల్పన మొదలై, బ్యాంకుల్లోనూ బీమా సంస్థల్లోనూ పాతుకుపోయిన ఆ భాషను అంత ఆలస్యంగా తెలుగు యువత నేర్చుకోవడానికి కారణం వై2కె సమస్య. సంవత్సరాన్ని చివరి రెండంకెలతోనే దాచుకున్న పాత ప్రోగ్రాములు 2000ను 1900గా పొరబడతాయి కనుక, గడువు తీరేలోగా ఆ ప్రోగ్రాములన్నిటినీ చదివి, తేదీని వాడుకున్న ప్రతిచోటునూ వెతికి సరిచేయవలసి వచ్చింది. ఆ పనిలో కొత్తగా రాయవలసినది కొంచెమే, ఎవరో ఎన్నడో రాసినదాన్ని అర్థం చేసుకోవలసినది కొండంత. అప్పటి నుంచి ఇప్పటివరకూ ఉద్యోగంలో చేరిన తెలుగు ప్రోగ్రామర్‌కు ఎదురయ్యే పనిలో పెద్ద పాలు మెయింటెనెన్స్‌దే, అంటే నడుస్తున్న ప్రోగ్రామును ఆగనివ్వకుండా చూసుకుంటూ మార్పులు చేసే పనిదే. అయినా కోడ్ ఎంత చిక్కుపడిందో కొలవడం, ఆ చిక్కును విప్పడం అన్న రెండు విద్యలకు శిక్షణలో దక్కవలసినంత చోటు దక్కలేదు.

వై2కె మరమ్మతులోనే ఈ విద్యల అవసరం దాగి ఉంది. రెండంకెల సంవత్సరాన్ని నాలుగంకెలకు పెంచడం ఒక పద్ధతి. అది శుభ్రమైనదే గాని, దానికోసం ఫైళ్లలో దాచిన సమాచారం మొత్తాన్ని మార్చాలి. విండోయింగ్ అనే రెండో పద్ధతిలో సమాచారాన్ని ముట్టుకోకుండా, ప్రోగ్రాములోనే ఒక షరతు చేర్చి, ఉదాహరణకు 50కి లోపు అంకె కనిపిస్తే 2000ల నాటిదనీ ఆపైన కనిపిస్తే 1900ల నాటిదనీ తేల్చేవారు. చవకగా, త్వరగా ముగిసే పని కనుక చాలాచోట్ల ఈ రెండో దారినే ఎంచుకున్నారు. అలా చేర్చిన ప్రతి షరతూ ప్రోగ్రాములో ఒక కొత్త దారిని తెరిచింది. గడువు గట్టెక్కింది గాని, చదవవలసిన దారుల సంఖ్య పెరిగింది.

వాడుకలో ఉన్న సాఫ్ట్‌వేర్ మారుతూనే ఉంటుందనీ, ప్రత్యేకంగా శ్రమపడి తగ్గిస్తే తప్ప మార్పుతోపాటు దాని సంక్లిష్టత కూడా పెరుగుతుందనీ మెయిర్ లేమన్ 1970లలోనే సూత్రీకరించాడు. ఈ సూత్రానికి ఖైరతాబాద్‌లోనే ఒక చక్కని పోలిక ఉంది. అక్కడి గణపతి విగ్రహం 1954లో ఒక్క అడుగుతో మొదలై, దాదాపు ఏడాదికి ఒక అడుగు చొప్పున పెరుగుతూ 2014 నాటికి 60 అడుగులకు చేరింది. అయితే ఏటేటా నిమజ్జనం జరుగుతుంది కనుక, మరుసటి ఏడు శిల్పులు ఆ ఏటి ఎత్తుకు తగిన ఇనుప చట్రాన్ని నేల మట్టం నుంచి కొత్తగా కట్టుకొస్తారు. సాఫ్ట్‌వేర్‌కు నిమజ్జనం లేదు. ఒక్క అడుగు ఎత్తుకోసం కట్టిన చట్రం మీదే ఏటా ఒక అడుగు పేర్చుకుంటూ పోవడం అక్కడ జరుగుతుంది. చట్రాన్ని మధ్యమధ్య బలపరచే పనికే రీఫ్యాక్టరింగ్ అని పేరు.

బలపరచాలంటే ముందు భారం ఎక్కడ పడుతున్నదో తెలియాలి. దాన్ని చూపే కొలతలలో చాలాకాలంగా నిలిచినది థామస్ మెక్‌కేబ్ 1976లో ప్రతిపాదించిన సైక్లోమాటిక్ కాంప్లెక్సిటీ. కోనిగ్స్‌బర్గ్ వంతెనల సమస్యతో ఆయిలర్ 18వ శతాబ్దిలో పునాది వేసిన గ్రాఫ్ సిద్ధాంతమే దీనికీ ఆధారం. ప్రోగ్రాములోని వాక్యాలను బిందువులుగా, ఒక వాక్యం నుంచి మరొక వాక్యానికి పోయే వీలును గీతగా బొమ్మ గీసి, గీతల సంఖ్యలోంచి బిందువుల సంఖ్యను తీసివేసి రెండు కలిపితే వచ్చేదే ఆ కొలత. ఆ అంకె ఒక మెథడ్‌లో, అనగా ఒక పేరు కింద కట్టిపెట్టిన వాక్యాల కూర్పులో, ఒకదాని నుంచి మరొకటి రాబట్టలేని స్వతంత్రమైన దారులు ఎన్ని ఉన్నాయో చెబుతుంది. నిత్యవ్యవహారంలో బొమ్మ గీయనక్కరలేదు. మెథడ్‌లోని నిర్ణయాలను, అంటే షరతులను, లూపులను లెక్కపెట్టి ఒకటి కలిపితే అదే అంకె వస్తుంది. పది దాటితే ఆగి ఆలోచించాలన్నది మెక్‌కేబ్ సూచించిన హద్దు.

తెలంగాణలో ఇంటింటికీ తెలిసిన కరెంటు బిల్లును తీసుకుని, బోధన కోసం ఒక మెథడ్‌ను ఊహించుకోవచ్చు. గృహ వినియోగదారులను నెలకు 100 యూనిట్ల లోపు వారు, 200 లోపు వారు, ఆపైన వాడేవారు అని మూడు వర్గాలుగా విడదీయడానికి రెండు నిర్ణయాలు కావాలి. మొదటి వర్గంలో 50 యూనిట్ల దగ్గర ధర మారుతుంది కనుక మరొకటి. రెండో వర్గంలో ధర 100 దగ్గర మారినా, ఆ వర్గంలోకి వచ్చినవారందరూ 100 దాటినవారే కాబట్టి అక్కడ నిర్ణయంతో పనిలేదు. మూడో వర్గంలో 300, 400, 800 దగ్గర మూడు. 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద అర్హులకు 200 యూనిట్ల వరకూ సున్నా బిల్లు వస్తున్నది కనుక, అర్హత ఉన్నదా, వాడకం 200 లోపేనా అన్నవి మరి రెండు. పాత బకాయి ఉన్నదా అన్నది ఒకటి, మీటరు రీడింగ్ అందిందా అన్నది ఒకటి. మొత్తం పది నిర్ణయాలు. ఒకటి కలిపితే 11. ఇందులో అనవసరమైన షరతు ఒక్కటీ లేదు. ప్రతిదీ ఎవరో ఒక కుటుంబానికి న్యాయంగా బిల్లు రావడానికి అవసరమైనదే, అయినా అన్నీ ఒకే మెథడ్‌లో పడేసరికి హద్దు దాటింది. చెడ్డ ప్రోగ్రామర్ల వల్లనే చిక్కు కోడ్ పుడుతుందన్న అపోహను వదులుకోవడానికి ఈ లెక్క చాలు.

మెక్‌కేబ్ కొలతకు ఒక లోటు ఉంది. పన్నెండు నెలల పేర్లను వరుసగా తిరిగిచ్చే మెథడ్‌కూ పది దాటుతుంది, షరతులో షరతు, దానిలో మరో షరతు దూరిన మెథడ్‌కూ పది దాటుతుంది. మొదటిదాన్ని పిల్లవాడైనా చదవగలడు, రెండోది చదివేవాడికి ఏ గదిలోంచి ఏ గదిలోకి వచ్చాడో గుర్తుండదు. ఈ తేడాను పట్టుకోవడానికే సోనార్‌సోర్స్ సంస్థ గత దశాబ్దంలో కాగ్నిటివ్ కాంప్లెక్సిటీ అనే కొలతను రూపొందించింది. అందులో పైపొరలోని షరతుకు ఒకటి, రెండు పొరల లోపల ఉన్న షరతుకు మూడు. నెలల జాబితా లాంటిదానికి మాత్రం మొత్తం కలిపి ఒకటే. గుర్తులనూ పదాలనూ లెక్కించే హాల్‌స్టెడ్ కొలతలు 1977 నాటివి, క్లాసుల స్థాయిలో కొలిచే చిదంబర్, కెమెరర్ కొలతలు 1994 నాటివి. అవి పరిశోధకులకు ఇప్పటికీ ఉపయోగమే, కాని రోజూ కోడ్ మార్చేవారి చేతికి అందివచ్చేవి ముందు చెప్పిన మెక్‌కేబ్, కాగ్నిటివ్ కొలతలే.

విప్పే విద్యకు శాస్త్రరూపం 1992లో వచ్చింది. విలియం ఆప్‌డైక్ ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో సమర్పించిన పిహెచ్‌డి పరిశోధన, ప్రోగ్రాము బయటి నడవడిక మారకుండా లోపలి నిర్మాణాన్ని మార్చే అడుగులను వర్గీకరించింది. 1999లో మార్టిన్ ఫౌలర్ డెబ్భైకి పైగా అలాంటి అడుగులకు పేర్లు పెట్టి, ఒక్కొక్కదాన్ని ఎప్పుడు, ఏ క్రమంలో వేయాలో వివరిస్తూ రాసిన రీఫ్యాక్టరింగ్ అనే పుస్తకం ఈ సంప్రదాయానికి మూలగ్రంథమైంది. బయటి నడవడిక మారకూడదన్న నియమమే దీనికి ప్రాణం. ఆ నియమాన్ని కాపాడేది ప్రోగ్రామర్ నమ్మకం కాదు, టెస్టులు. టెస్టులు లేని కోడ్ ఏదైనా లెగసీ కోడే అని 2004లో నిర్వచించిన మైకేల్ ఫెదర్స్, అలాంటి కోడ్‌ను ముట్టుకునే ముందు అది ఏం చేయాలన్నది పక్కన పెట్టి, ఇప్పుడేం చేస్తున్నదో అలాగే నమోదు చేసే టెస్టులు రాయాలన్నాడు. బిల్లు మెథడ్‌లో 50, 51, 100, 101, 200, 201 యూనిట్లకు ఎంత వస్తున్నదో ముందు రాసిపెట్టుకోవడం అలాంటి పని. తప్పులు ఎక్కువగా పొంచి ఉండేది ఈ సరిహద్దుల దగ్గరే.

ఆ తర్వాత వేసే అడుగులు చిన్నవి. మీటరు రీడింగ్ అందకపోతే ఏం చేయాలో మెథడ్ గుమ్మంలోనే తేల్చి వెనక్కి పంపేస్తే, మిగిలిన కోడ్ అంతా ఒక పొర బయటికి వస్తుంది. దీన్ని గార్డ్ క్లాజ్ అంటారు. వర్గాలనూ ధరల మెట్లనూ షరతుల్లోంచి తీసి పట్టికగా రాసుకుంటే, విద్యుత్ నియంత్రణ మండలి ధరలు సవరించినప్పుడు పట్టికలోని వరుస మారుతుంది గాని కోడ్ మారదు. గృహజ్యోతి సబ్సిడీకి ఒకటి, బకాయికి ఒకటిగా వేరే మెథడ్‌లు తీయడం ఎక్స్‌ట్రాక్ట్ మెథడ్. చివరికి ప్రధాన మెథడ్ కొలత 2కు, వర్గాన్ని ఎంచేది 3కు, మెట్ల లెక్క 2కు, సబ్సిడీ 3కు, బకాయి 2కు చేరతాయి. కూడితే 12, అంటే మునుపటికన్నా ఒకటి ఎక్కువే. మొత్తం సంక్లిష్టత ఎక్కడికీ పోలేదు, పోదు కూడా, ఎందుకంటే అది ధరల నిబంధనల్లోనే ఉంది. తగ్గినదల్లా ఒక మనిషి ఒకసారికి తలలో పెట్టుకోవలసిన భాగం.

అందుకే విడదీసే చోటు ముఖ్యం. పద్యాన్ని చదివే తెలుగు సంప్రదాయంలో పదచ్ఛేదం తర్వాతే ప్రతిపదార్థం, తాత్పర్యం వస్తాయి. సంధి విడవవలసిన చోట విడిస్తే అర్థం తేటపడుతుంది, మరోచోట విరిస్తే పద్యం నోటికి వచ్చినా అర్థం చెదిరిపోతుంది. మెథడ్ విషయంలోనూ అంతే. అంకెను పదికి దించాలన్న ఆత్రంతో ఒకే ఆలోచనను మధ్యకు నరికి, మొదటి భాగం, రెండో భాగం అని పేర్లు పెడితే కొలత తగ్గుతుంది గాని, చదివేవాడు రెండు చోట్లా తిరిగి ఆ ఆలోచనను తానే అతికించుకోవాలి. విడదీసిన ముక్కకు ఒక నిజమైన పేరు దొరకకపోతే, అది విడదీయవలసిన చోటు కాదని అనుకోవచ్చు.

ఈనాడు అమీర్‌పేట విద్యార్థి కంప్యూటర్లో ఉండే ఎడిటర్లు ఎక్స్‌ట్రాక్ట్ మెథడ్‌ను ఒక్క మీటతో చేసిపెడతాయి, కొలతలనూ పక్కనే చూపిస్తాయి. కనుక ఒక బ్యాచ్‌కు కొత్త ప్రాజెక్టుతోపాటు, ఇలాంటి పదకొండు దారుల మెథడ్ ఒకటి చేతికిచ్చి, టెస్టులు రాసి విప్పమనడానికి అదనంగా కావలసినది కొన్ని రోజులే. ఆ అభ్యాసంలో పట్టుబట్టి నేర్పవలసినది కెంట్ బెక్ రెండు టోపీలుగా చెప్పిన క్రమశిక్షణ: నిర్మాణాన్ని మార్చే టోపీ పెట్టుకున్నప్పుడు కొత్త సౌకర్యం చేర్చకూడదు, కొత్త సౌకర్యం చేర్చే టోపీ పెట్టుకున్నప్పుడు నిర్మాణాన్ని ముట్టుకోకూడదు. బిల్లు మెథడ్‌ను విప్పిన మార్పును ఒకసారి, ఒక కొత్త షరతును చేర్చిన మార్పును మరొకసారి విడిగా దాఖలు చేసినప్పుడు, పక్క బల్ల దగ్గర దాన్ని సమీక్షించే వ్యక్తి మొదటిదానిలో ఒక్క రూపాయి కూడా మారలేదని, రెండోదానిలో ఎవరి బిల్లు ఎంత మారిందో ఖచ్చితంగా చెప్పగలుగుతాడు.