రిజిస్టర్ల మధ్య నకలు: ఒక్క బిట్టు పనితనం

చెన్నైలోని ఐఐటీ మద్రాస్‌లో వి. కామకోటి బృందం తయారుచేసిన ‘శక్తి’ ప్రాసెసర్ 2018లో లినక్స్‌ను నడిపింది. దానికి పునాది రిస్క్-ఫైవ్. 2010లో బర్క్‌లీలో మొదలైన ఈ ఇన్‌స్ట్రక్షన్ సెట్‌ను ఎవరైనా వాడుకోవచ్చు. అందులో నాకు ఎంత చూసినా తనివి తీరనిది, దశాంశ సంఖ్యను ఒక ఫ్లోటింగ్ పాయింట్ రిజిస్టర్ నుంచి ఇంకో దానికి నకలు తీసే ఇన్‌స్ట్రక్షన్.

అసెంబ్లీలో ‘ఎఫ్‌ఎంవీ.డి ఎఫ్‌ఏ0, ఎఫ్‌ఏ1’ అని రాస్తాం. ఎఫ్‌ఏ1లో ఉన్నది ఎఫ్‌ఏ0లోకి రావాలి. కానీ ప్రాసెసర్‌కు ఆ పేరే తెలియదు!

పూర్ణాంకాల వైపు కూడా నకలుకు విడిగా ఇన్‌స్ట్రక్షన్ లేదు. సున్నా కలిపితే సరిపోతుంది. దశాంశాల దగ్గర ఆ ఉపాయం పారదు. మామూలు రౌండింగ్‌లో రుణ సున్నాకు ధన సున్నా కలిపితే ధన సున్నా వస్తుంది, గుర్తు పోతుంది. సంఖ్యే కాని ‘నాన్’ విలువల్లో ఒక రకాన్ని కూడికలోకి తెస్తే ఎర్రర్ ఫ్లాగ్ లేస్తుంది. నకలు అన్నాక లెక్క చేయకూడదు, బిట్లు మాత్రమే కదలాలి.

అందుకే అసెంబ్లర్ ఎఫ్‌ఎంవీ.డిని ‘ఎఫ్‌ఎస్‌జీఎన్‌జే.డి ఎఫ్‌ఏ0, ఎఫ్‌ఏ1, ఎఫ్‌ఏ1’గా మార్చేస్తుంది. 64 బిట్ల దశాంశ సంఖ్యలో గుర్తుకు 1, ఘాతానికి 11, భిన్నానికి 52 బిట్లు. ఈ ఇన్‌స్ట్రక్షన్ మొదటి మూలం నుంచి 63 బిట్లను ఉన్నవి ఉన్నట్టు తీసుకుంటుంది, గుర్తును మాత్రం రెండో మూలం నుంచి తెస్తుంది. రెండు మూలాలూ ఒకే రిజిస్టరైతే? వచ్చేది అచ్చమైన నకలే. రౌండింగ్ లేదు, ఫ్లాగులు లేవవు, నాన్‌లోని బిట్లు కూడా చెదరవు.

ఇన్‌స్ట్రక్షన్‌ను విప్పి చూస్తే 32 బిట్లు ఇలా ఉంటాయి: 0010001 01011 01011 000 01010 1010011. నడుమ రెండుసార్లు వచ్చిన 01011 అంటే 11వ రిజిస్టర్, అదే ఎఫ్‌ఏ1. 01010 అంటే 10వది, ఎఫ్‌ఏ0. చివరి ఏడు బిట్లు ఇది ఫ్లోటింగ్ పాయింట్ పని అని చెబుతాయి.

అసలు తెలివంతా ఆ 000 దగ్గర ఉంది. కూడిక, గుణకారం లాంటి వాటిలో ఆ మూడు బిట్లు ఏ రౌండింగ్ చేయాలో చెబుతాయి. ఇక్కడ రౌండింగే లేదు కాబట్టి చోటు ఖాళీ. రూపకర్తలు దాన్ని వృథా పోనివ్వలేదు. 001 పెడితే రెండో మూలం గుర్తు తిరగబడి వస్తుంది. రెండు మూలాలూ ఒకటే అయితే అది రుణం చేయడం. 010 పెడితే రెండు గుర్తుల ఎక్స్‌ఆర్ వస్తుంది. ఒకే రిజిస్టర్ ఇస్తే ఏ గుర్తున్నా 0 అవుతుంది కాబట్టి అది పరమ మూల్యం. నకలుకు, రుణానికి, పరమ మూల్యానికి మూడు వేర్వేరు సర్క్యూట్లు అక్కర్లేదు. 63 బిట్లు నేరుగా దాటిపోతాయి, ఒక్క గుర్తు బిట్టు దగ్గర కాసింత తర్కం చాలు.

రాసేవాళ్లు ఒకటి చూసుకోవాలి. 64 బిట్ల రిజిస్టర్‌లో 32 బిట్ల సంఖ్య ఉంటే పై సగం నిండా 1లే ఉంటాయి. 64 బిట్ల సంఖ్య ఉన్న రిజిస్టర్‌ను పొరపాటున 32 బిట్ల నకలైన ఎఫ్‌ఎంవీ.ఎస్‌తో నకలు తీస్తే, పై సగంలో ఆ 1లు కనబడక ప్రాసెసర్ దాన్ని నాన్‌గా తీసుకుంటుంది. ఎఫ్‌ఎంవీ.డి అయితే లోపల ఏమున్నా అలాగే దాటిస్తుంది.