కామాల నడుమ ఏమున్నది?

సి.ఎస్.వి. ఫైళ్లలో ఒక్కొక్క పంక్తి కామాలతో గడులుగా విడివడి యుండును. 2005 అక్టోబరులో వెలువడిన 'ఆర్.ఎఫ్.సి. 4180' అను చిన్న పత్రము వాని రూపమును వివరించినది. గడిలోనే కామా వచ్చినచో ఆ గడిని జంట కొటేషను గుర్తుల మధ్య నుంచవలెను; ఆ గుర్తే వచ్చినచో రెండుమార్లు వ్రాయవలెను. ఇంతవరకు వివరణ మెచ్చదగినదే. కాని గడిలోనున్నది సంఖ్యయా, తేదీయా, పేరా? పత్రము పలుకదు. ఉన్న వాడుకను నమోదు చేయుటయే దాని ఉద్దేశము, నిజమే. అయినను ఈ మౌనము ఖరీదైనది.

చెప్పనిచోట యంత్రము ఊహించును. 'మార్చ్1' అను మానవ జన్యువు పేరును ఎక్సెల్ మార్చి 1వ తేదీగా గ్రహించెడిది. తుదకు 2020 నాటికి జన్యు నామకరణ సంఘము ఆ పేరునే 'మార్చ్ఎఫ్1' అని దిద్దవలసివచ్చినది. పనిముట్టు కొరకు శాస్త్రము పేరు మార్చుకొన్నది!

పంక్తికొక అచ్చువంటి 'రికార్డు క్లాసు'ను ముందే ఏర్పరచి, జన్యువు పేరు అక్షరమాల, కొలత దశాంశ సంఖ్య అని అందు నిర్ణయించినచో ఊహకు తావుండదు. గడిని వరుససంఖ్యతో గాక పేరుతో పిలిచినచో, నడుమ క్రొత్త గడి చేరినను ప్రోగ్రాము చెడదు. ఇందుకు శీర్షిక పంక్తి కావలెను. పత్రము దానిని ఐచ్ఛికముగా విడిచినది. ఇది రెండవ లోపము. ఖాళీ గడి సున్నయా, తెలియని విలువయా అనునదియు ఆ క్లాసే తేల్చవలెను.