డాలిష్ గోడ మీది రైలు

సముద్రం కనిపించే రైలు దారులు ప్రపంచంలో చాలా ఉన్నాయి. అలలను ఆపే గోడ వెన్నంటే పట్టాలు పరిచి, అదే గోడను ఊరికి కాపుగా, జనానికి షికారు బాటగా కూడా వాడుకున్నవి బహు తక్కువ. ఇంగ్లండ్ నైరుతి మూల, డెవన్ ప్రాంతంలోని డాలిష్ దారి వాటిలో పేరున్నది. ఎక్సెటర్‌లో బయలుదేరిన రైలు ముందు ఎక్స్ నది మొగ వెంబడి నడుస్తుంది. డాలిష్ వారెన్ దాటగానే ఎడమ కిటికీ నిండా ఇంగ్లిష్ ఛానల్, కుడి కిటికీ నిండా ఎర్రటి ఇసుకరాతి కొండ. టైన్‌మత్ దాకా సుమారు ఏడు కిలోమీటర్లు చాలావరకు ఇదే వరస. మన చెన్నై – హౌరా లైను తూర్పు తీరం వెంట పోతుందంటారు గాని, ప్రయాణికుడికి ఎక్కువ దూరం కనిపించేవి వరిచేలూ తాటిచెట్లే. డాలిష్‌లో గాలివాన రోజున అల వచ్చి బోగీ కప్పు మీదే విరుగుతుంది.

ఇంత అందానికి మూలం ఒక లెక్క. తీరం వదిలి లోపలికి వెళితే హాల్డన్ కొండలు అడ్డం. ఎత్తు ఎక్కాలంటే రైలుకు బలం కావాలి, బలానికి ఖర్చు కావాలి. సౌత్ డెవన్ రైల్వే ఇంజనీరు ఇసాంబార్డ్ కింగ్‌డమ్ బ్రూనెల్ ఆ ఎక్కుడు తప్పించుకుని నీటి అంచునే చదునుగా దారి తీశాడు. 1846 మే 30న ఎక్సెటర్ నుంచి టైన్‌మత్‌కు రైళ్లు మొదలయ్యాయి. కొండతో పేచీ తప్పింది గాని సముద్రంతో మొదలైంది. తొలి ఏడాదిలోనే గోడకు గండి పడింది. నాటి నుంచి నేటి దాకా ఈ దారి చరిత్ర అంటే గండ్లు పడటం, వాటిని పూడ్చటం. మన ఉప్పాడ తీరంలో రోడ్డును కోసుకుపోయే కడలిని ఏటా చూసేవాళ్లకు ఆ పని ఎలాంటిదో చెప్పనక్కర్లేదు.

డాలిష్ దాటాక కొండ ముక్కులు నేరుగా నీళ్లలోకి దిగుతాయి. వాటిని చుట్టి పోయేందుకు చోటు లేదు కాబట్టి తొలిచారు. కెనవే, కోరిటన్, ఫిలట్, క్లర్క్స్, పార్సన్స్ అని వరసగా ఐదు సొరంగాలు. వీటిలో ఫిలట్, క్లర్క్స్ మరీ పొట్టివి, రెండు మూడు బోగీలంత పొడవే. సొరంగానికీ సొరంగానికీ నడుమ చిన్న చిన్న ఇసుక తిన్నెలు. కిటికీలో చీకటి, కడలి, మళ్లీ చీకటి, మళ్లీ కడలి. మొదట వేసింది ఒకే లైను, అదీ 7 అడుగుల గేజి. మన బ్రాడ్‌గేజి 5 అడుగుల 6 అంగుళాలే. 1892 మే నెలలో ఒక వారాంతంలో ఆ ప్రాంతంలో మిగిలిన వెడల్పు పట్టాలన్నిటినీ నేటి గేజికి దగ్గరగా జరిపారు. ఈ సొరంగాల గుండా రెండో లైను వెయ్యడం మాత్రం 1905కి గాని కాలేదు.

బ్రూనెల్ ఇక్కడ చేసిన అతి సాహసమైన పని రైలును ఇంజను లేకుండా నడపడం. పట్టాల మధ్య 15 అంగుళాల వ్యాసమున్న ఇనుప గొట్టం వేశారు. రైలు అడుగున అమర్చిన పిస్టన్ ఆ గొట్టంలో కదులుతుంది. పిస్టన్‌నూ బండినీ కలిపే కడ్డీ వెళ్లేందుకు గొట్టం పైన పొడుగునా చీలిక, ఆ చీలికను మూస్తూ తోలు పట్టీ. కొన్ని కిలోమీటర్లకొకటి చొప్పున కట్టిన ఆవిరి పంపుల భవనాలు రైలు ముందున్న గాలిని తోడేస్తే, వెనకనున్న వాతావరణపు ఒత్తిడే బండిని నెట్టుకుపోతుంది. పొగ లేదు, నిప్పురవ్వలు లేవు. 1847 సెప్టెంబరులో ప్రయాణికులతో ఈ రైళ్లు నడిచాయి, మంచి వేగంతోనే నడిచాయి. కానీ తోలు ఎండి, బిరుసెక్కి, పగిలి గాలి లోపలికి జొరబడింది. ఏడాది తిరగ్గానే, 1848 సెప్టెంబరులో, కంపెనీ గొట్టానికి స్వస్తి చెప్పి మామూలు ఇంజన్లు కట్టింది.

ఆ విఫలయత్నానికి సాక్షి స్టార్‌క్రాస్ స్టేషను పక్కన ఇప్పటికీ నిలిచి ఉంది. నది ఒడ్డున ఎర్రరాతితో కట్టిన పంపుల భవనం అది. లోపలుండేది బాయిలర్లూ యంత్రాలూ అయినా, దాన్ని కొట్టాంలా కట్టి వదిలెయ్యలేదు. కిటికీలకు కమానులు పెట్టారు. పొగగొట్టాన్ని ఇటలీ ఊళ్లలోని గంట గోపురంలా తీర్చారు. ఒక్క ఏడాదే పని చేసిన యంత్రం కోసం కట్టిన గోడలు పద్ధెనిమిది దశాబ్దాలకు చేరువవుతున్నా చెక్కుచెదరలేదు. అది ఇప్పుడు పడవల క్లబ్బుకు నెలవు.

డాలిష్ స్టేషను తొలి రూపం చెక్కది. 1873లో కాలిపోయింది. ఇప్పుడున్న భవనం 1875 నాటిది. టికెట్ల భవనం ఊరి వైపు, ప్లిమత్ వైపు వెళ్లే రైళ్ల ప్లాట్‌ఫారం సముద్రం వైపు. ఊరి మధ్య నుంచి వచ్చే వాగు పట్టాల కిందుగా దారి చేసుకుని ఇసుకలోకి దిగుతుంది, దాని పక్కనే జనమూ దిగుతారు. ఊరికీ తీరానికీ మధ్య రైలు అడ్డుగోడ కాకుండా ఈ చిన్న ఏర్పాటే కాపాడింది. ఉప్పుగాలికి ఇక్కడ ఏ ఇనుమూ నిలవదు. రెండు ప్లాట్‌ఫారాలనూ కలిపే పాత ఉక్కు వంతెన తుప్పుకు లొంగిపోతే, 2012లో చారిత్రక రూపం చెడకుండా దాన్ని ఫైబర్‌తో మళ్లీ కట్టారు. పాతదాన్ని కాపాడటానికి కొత్త పదార్థం అక్కరకొచ్చింది. రైళ్ల మీద కూడా ఈ ఉప్పు ప్రభావం తక్కువేమీ కాదు. ఒక రకం డీజిల్ రైళ్లు, కప్పు మీది విద్యుత్ భాగాలపై అలలు పడి, దారిలోనే మొరాయించేవి.

2014 ఫిబ్రవరి 4 రాత్రి సముద్రం తన బాకీ మొత్తం ఒక్కసారిగా వసూలు చేసుకుంది. స్టేషనుకు దగ్గర్లోనే సుమారు 80 మీటర్ల గోడ కూలింది. కింద మట్టీ కంకరా కొట్టుకుపోగా పట్టాలు స్లీపర్లతో సహా విరిగిన నిచ్చెనలా గాలిలో వేలాడాయి. ప్లిమత్‌కూ కార్న్‌వాల్‌కూ వెళ్లేందుకు వేరే రైలు దారి లేదు. ఓక్‌హాంప్టన్ మీదుగా ఉన్న రెండో దారిని 1968లోనే మూసేశారు. మరమ్మతు చేసినవాళ్లు ముందు అలలకు అడ్డం కావాలనుకున్నారు. ఓడల్లో సరుకు వేసే కంటైనర్లను రాళ్లతో నింపి, వరసగా పేర్చి, తాత్కాలిక గోడ చేశారు. దాని చాటున కాంక్రీటు పోశారు. ఈలోగా టైన్‌మత్ దగ్గర కొండచరియ జారింది, దాన్నీ దించుకోవలసి వచ్చింది. వందలాది మంది పనివాళ్లు రాత్రింబగళ్లు శ్రమిస్తే ఏప్రిల్ 4న రైళ్లు మళ్లీ నడిచాయి. బ్రూనెల్ పేరు ప్రపంచానికి తెలుసు. ఈ ఎనిమిది వారాల పనితనం కూడా అదే వరసలో లెక్కించదగ్గది.

ఆ తర్వాత వచ్చింది కొత్త గోడ. 2019లో మొదలుపెట్టి, రెండు విడతలుగా 2023 నాటికి డాలిష్ ముందు భాగమంతా కట్టారు. పాతదాని కన్నా సుమారు రెండున్నర మీటర్లు ఎత్తు. దీని పనితనమంతా పైఅంచులో ఉంది. అక్కడ గోడ సముద్రం వైపు వంపు తిరుగుతుంది. నిట్టనిలువుగా ఎగిసిన నీరు ఆ వంపుకు తగిలి, పట్టాల మీద పడకుండా వచ్చిన దారినే తిరుగు ముఖం పడుతుంది. అలను కొట్టి ఆపకుండా దాని ఊపునే దాని మీదికి మళ్లించడం ఇందులోని తెలివి. గోడ వెనక నడక బాటనూ వదల్లేదు.

ఇంత తంటా ఎందుకు, లోపలి నుంచి మరో లైను వేసుకోరాదా అన్న ప్రశ్న పాతదే. అప్పట్లో ఈ లైను నడిపిన గ్రేట్ వెస్టర్న్ రైల్వే 1930ల్లోనే అలాంటి దారికి పార్లమెంటు అనుమతి తెచ్చుకుంది. యుద్ధం వచ్చి అది ఆగిపోయింది. కడలి మట్టం పెరుగుతున్న రోజుల్లో ఆ ప్రశ్నకు బలం పెరుగుతుందే గాని తగ్గదు. అయినా ఈ గోడ కాపాడేది రైలును మాత్రమే కాదు, దాని వెనక ఇళ్లున్నాయి, ఊరుంది. పట్టాలు తీసేసినా గోడను కాయక తప్పదు.

చూడబోయేవాళ్లు ఎక్సెటర్‌లో ఎడమ వైపు కిటికీ పట్టుకోవాలి. వేగపు బండ్లు చాలావరకు చిన్న స్టేషన్లలో ఆగవు కాబట్టి లోకల్ ఎక్కి డాలిష్‌లో దిగడం మంచిది. అక్కడ కొత్త కాంక్రీటు వంపును, టైన్‌మత్ వైపు పాత రాతి కట్టును నడుస్తూ పోల్చి చూడవచ్చు. బ్రూనెల్ గొప్ప ఇంజనీరే గాని ఈ దారిని నిలబెట్టింది ఒక్కడి ప్రతిభ కాదని, గండి పడిన ప్రతిసారీ వచ్చి పూడ్చిన పేరు తెలియని చేతులని అప్పుడు అర్థమవుతుంది.